అమ్మకానికి మండువా ఇల్లు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

వంటింట్లో పని ఓ కొలిక్కి వచ్చి, కాస్త నడుం వాల్చే వేళకి మీ ముందుకొచ్చాను. ఈవేళ కొత్త పచ్చడి చెప్పబోవడం లేదు, కుట్టూ అల్లికా కాదు. ఓ ఇల్లు అమ్మకానికి వచ్చింది, దాని సంగతి చెబుతాను. కొనమని కాదు లెండి. అది మా పుట్టిల్లే.

పోయినేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అన్నయ్య ఫోను చేశాడు. "అమ్మాయ్, ఇల్లూ తోటా బేరం పెట్టాం. నీదీ ఓ సంతకం కావాలిట. ఆధార్ కార్డు పట్టుకుని ఓ పూట వచ్చి వెళ్ళు" అన్నాడు. సరే అన్నాను. ఆ రాత్రి పేపర్లో వేసిన ప్రకటన కూడా పంపించాడు. "కోనసీమలో పాతకాలపు మండువా లోగిలి, 32 సెంట్ల ఇంటిస్థలం, పశువులశాల, ధాన్యపు కొట్టు, నుయ్యి, ఎకరం 70 సెంట్ల కొబ్బరితోటతో సహా అమ్మబడును" అని ఉంది. ఆ ఆఖరి మాటలో మొదట నాకు 'అమ్మ' కనిపించింది. ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది కదండీ, డెబ్బై రెండేళ్ళ మనిషి. అమ్మని అడిగారా అని మర్నాడు అడిగితే, "అడిగేదేముంది, నా దగ్గర నాలుగు నెలలూ, తమ్ముడి దగ్గర నాలుగు నెలలూ, నీ దగ్గర నాలుగు నెలలూ" అన్నాడు. లెక్క బాగానే కుదిరింది.

పట్నంలో పుట్టి పెరిగిన చెల్లెళ్ళకి మండువా అంటే సినిమాల్లో చూసిందే. ఇంటి నడిమధ్య ఆకాశం కనబడేలా వదిలేసిన చతురస్రపు జాగా అది. నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు. కప్పు నాలుగు పక్కలనించీ లోపలికి వాలి ఉంటుంది. వానొస్తే నీళ్ళన్నీ మండువాలోకే జారతాయి. మా బామ్మ చూరు కింద గంగాళాలు పెట్టించేది. వాననీళ్ళతో కందిపప్పు వెన్నలా ఉడుకుతుందనేది, ఉడికేది కూడాను. మిగిలిన నీళ్ళు మూలనున్న తూములోంచి దొడ్లోకి పోయేవి. ఎండాకాలం వేడిగాలి ఆ జాగాలోంచే పైకి వెళ్ళిపోయేది. మే నెలలో మిట్టమధ్యాహ్నం మండువా పక్క చాప వేసుకుని పడుకుంటే ఫాను గుర్తొచ్చేది కాదు.

గోడలు మూరెడు మందం. గానుగలో ఆడించిన సున్నంలో బెల్లంనీళ్ళూ, కరక్కాయ నానేసిన నీళ్ళూ కలిపి కట్టారట. పైన బెంగుళూరు పెంకు. బెంగుళూరని మనం అంటాంగానీ అవి మంగుళూరువి. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో అక్కడ పెంకుల కార్ఖానా పెట్టాక దేశమంతా పాకాయి. నడవ గుమ్మం ద్వారబంధం మీద 1934 అని చెక్కి ఉంటుంది. ఆ కలప బర్మా టేకనీ, కాకినాడ రేవులో దిగిందనీ నాన్న గొప్పగా చెప్పేవారు. ఆ రోజుల్లో మనవాళ్ళు రంగూన్ వెళ్ళి రావడం, ఇప్పుడు అమెరికా వెళ్ళి వచ్చినట్టే. మన కోరంగి రేవు పేరు మీదే బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారట. అసలు ఇటువంటి ఇళ్ళు మా వైపు ఎలా లేచాయంటే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలవనీళ్ళు వచ్చాక వరి పండింది, ఆ వరి డబ్బు టేకుస్తంభాలయింది.

ఆ ఇంటి బలం నేను కళ్ళారా చూశాను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. తోటలో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే ఫెళ్ళుమని విరుగుతూంటే మేం లెక్కపెట్టి లెక్కపెట్టి మానేశాం. పెంకులు పక్షుల్లా లేచిపోయాయి. చుట్టుపక్కల పాకల్లోవాళ్ళు ముప్ఫై మందిదాకా మా నడిమి గదుల్లో తలదాచుకున్నారు. అమ్మ తడికట్టెలతో పొయ్యి రాజేసి గంజి కాచింది. తెల్లారేసరికి తోటలో సగం నేలమీద ఉంది. గోడ మాత్రం ఒక్కచోటైనా బీట తియ్యలేదు.

ఇంతకీ బేరాల సంగతి. నేను వెళ్ళేసరికి ఇద్దరు వచ్చి వెళ్ళారు, మూడోవాళ్ళు రాబోతున్నారు.

మొదట హైదరాబాదు నించి ఓ జంట వచ్చారట. మండువాలో ఈతకొలను కడితే విడిదికి వచ్చేవాళ్ళు ఎగబడతారని సంబరపడి, యాభై ఫోటోలు తీసుకుని మళ్ళీ పలకలేదు. రెండో ఆయన కలప వ్యాపారి. ఆయన ఇల్లు చూడలేదండీ, దూలాలు చూశాడు. స్తంభాలూ, ద్వారబంధాలూ, అటక పలకలూ టేపు పెట్టి కొలుచుకుని ఘనపుటడుగుల్లో లెక్కేశాడు. "గోడలు సున్నమూ మట్టీనే కదమ్మా, వారంలో విప్పించేస్తాను" అన్నాడట అమ్మతో. ఆయన తప్పు లేదు, ఆయన వ్యాపారం అది. కారైక్కుడిలో ఇలా విప్పిన ఇళ్ళ తలుపులూ స్తంభాలూ అమ్మే వీధే ఉంది. చెన్నై దగ్గర దక్షిణచిత్రలో మాత్రం పాత ఇళ్ళని విప్పి, మళ్ళీ ఇల్లుగానే నిలబెట్టారు. అక్కడ మన కోస్తా వైపు చుట్టిల్లు కూడా ఉంది. ఆ అదృష్టం ఏ ఇంటికోగానీ పట్టదు. చిత్రమేమిటంటే ఎక్కువ ధర చెప్పింది ఆ కలప వ్యాపారే.

మూడోవాళ్ళు రిటైరైన హెడ్మాస్టరుగారూ ఆయన భార్యానూ. ఆవిణ్ణి చూసి నేను చాలా నేర్చుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూంటే, ఆవిడ చీర దోపుకుని అటక ఎక్కింది. చేతిలో ఇంటి తాళంచెవి. దూలం గోడలోకి దిగేచోట తాళంచెవితో కొట్టి చూసింది. డొల్ల చప్పుడొస్తే లోపల చెద తినేసిందన్నమాట. రెండుచోట్ల డొల్లగానే మోగింది. తర్వాత మండువా నాలుగు మూలలా, కప్పులు కలిసేచోట రేకు తుప్పు పట్టిందేమో చూసింది. కురిస్తే అక్కడే కురుస్తుంది. గోడల అడుగున ఉప్పు పొంగిందేమో గీకి చూసింది. నూతిలో చేద వేసి నీళ్ళు తోడి పుక్కిలించింది. మాది సముద్రానికి దూరమేం కాదు కదా, మే నెలలో ఉప్పబడతాయా అని అమ్మని అడిగింది. పడవని అమ్మ చెప్పాక, పక్కింటికి వెళ్ళి వాళ్ళనీ అడిగింది! చెప్పొద్దూ, ముందు నాకు కోపం వచ్చింది. తర్వాత మెచ్చుకోబుద్ధయింది. మనం ముప్ఫై ఏళ్ళ అప్పు మీద ఫ్లాటు కొంటూ టైల్స్ రంగు చూసి మురిసిపోతామే గానీ, కొళాయి తిప్పి చూస్తామా?

పశువులశాల ఖాళీగా ఉంది. ధాన్యపు కొట్టులో ఇప్పుడు పాత సైకిళ్ళూ, మా పుస్తకాల పెట్టే ఉన్నాయి. పాలదాలి గూడు మసి ఇంకా పోలేదు. ఆవిడ వాటిని కూడా కొలిపించింది. పెరట్లో కూర్చుని, "విప్పించమమ్మా, ఉంటాం. కానీ మా దగ్గరున్నది ఇంత" అని ఓ అంకె చెప్పింది. కలప వ్యాపారి చెప్పినదానికి బాగా తక్కువ.

అన్నయ్యకి అది నచ్చలేదు. నేను వాళ్ళకే ఇద్దామన్నాను. "అంత మక్కువుంటే నువ్వే కొనుక్కో" అన్నాడు. తెలియకుండానే ఆయన చట్టం మాట్లాడాడండోయ్. హిందూ వారసత్వ చట్టంలో 22వ సెక్షను ఉంది. వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే, ముందు తోటి వారసులకి కొనుక్కునే హక్కు ఉంటుంది. ఆ రాత్రి పిల్లల ఫీజులూ, మా ఫ్లాటు వాయిదాలూ కాగితం మీద వేసుకుని చూశాను. కుదరదు. కాగితం చింపేశాను.

చివరికి తమ్ముడు నా వైపు మాట్లాడాడు. వాడు అమెరికా నించి ఫోనులో, "విప్పుతూంటే అమ్మ చూడలేదు, వాళ్ళకే ఇచ్చెయ్యండి" అన్నాడు. హెడ్మాస్టరుగారు బయానా ఇవ్వబోయే ముందు కాగితాలు వాళ్ళ వకీలుగారికి చూపించారు. అసలు కథ అక్కడ మొదలైంది.

వకీలుగారు ఫోను చేసి అందరితో మాట్లాడారు, నాతోనూ. "అమ్మా, ఆస్తి మీ తాతగారి పేర ఉంది. ఆయన సంతానం ఎంతమంది?" అన్నారు. మా అన్నయ్య అప్పటికే "ఒక్కడే కొడుకు" అని చెప్పాడట. అబద్ధం కాదు, కొడుకు ఒక్కడే. నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో నాకన్నీ తెలుసు. తర్వాత, "ఒక కొడుకు, ఒక కూతురు. మా మేనత్త తాడేపల్లిగూడెంలో ఉంది" అన్నాను.

ఆయన చెప్పిన లెక్క మీకూ చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఈమధ్య వచ్చిన చట్టంతోనే వచ్చిందని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఉమ్మడి పిత్రార్జితం విషయంలో అది నిజమే. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి, కూతుళ్ళనీ కొడుకులతో సమానం చేసింది. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నించి దేశమంతటికీ కేంద్ర చట్టం వచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. కానీ తండ్రి సొంతంగా సంపాదించినదీ, వీలునామా రాయకుండా పోయినదీ అయితే, 1956 చట్టం నాటినించే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. పెళ్ళయిందా లేదా అన్న ప్రశ్నే లేదు.

మా తాతగారు ఆ స్థలమూ తోటా సొంత డబ్బుతో కొన్నారు. 1968లో వీలునామా లేకుండా పోయారు. బామ్మకీ, నాన్నకీ, అత్తయ్యకీ తలా మూడోవంతు. 1981లో బామ్మ పోయింది, ఆవిడ మూడోవంతు నాన్నకీ అత్తయ్యకీ సగం సగం. అంటే నేను పుట్టి పెరిగిన ఇంట్లో సగం అత్తయ్యది. 2011లో నాన్న పోయాక మిగిలిన సగంలో అమ్మా, మేం ముగ్గురం తలా ఒక వాటా. నాలుగోవంతు అనుకున్న నా వాటా ఎనిమిదోవంతయింది. నాన్న పోయినప్పుడు తాసీల్దారు కచేరీలో తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మేమే ఉన్నాం. తాతగారి వారసులెవరని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

"మరి ఆవిడ ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదండీ?" అన్నాను. ఆయన 23వ సెక్షను సంగతి చెప్పారు. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకుంటామనేదాకా ఆడ వారసురాలు పంచమని అడక్కూడదని ఆ సెక్షను అనేది. కూతురికి ఉండే హక్కు మాత్రం ఇచ్చింది. అదీ పెళ్ళికాకపోతేనో, భర్త వదిలేస్తేనో, విడిపోయి ఉంటేనో, భర్త పోతేనో. 2005లో ఆ సెక్షనే తీసేశారు. నాకు వెంటనే 1991 గుర్తొచ్చింది. మావయ్య పోయిన ఏడాది అది. అత్తయ్య పిల్లల్ని పట్టుకుని వచ్చి, పడమటి గదిలో పదిరోజులు ఉంది. వెళ్ళేరోజు అమ్మ ఒళ్ళో చీరా పసుపూ పెట్టబోయి, పసుపు పెట్టకూడదని వెనక్కి తీసుకుంది. ఆవిడ చుట్టంలాగే గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఉండిపోయే హక్కు ఆరోజు చట్టప్రకారమే ఆవిడకుంది. ఆవిడకి తెలియదు, అమ్మకి తెలియదు. నాన్నకి తెలుసో లేదో నేనిప్పుడు ఎవరిని అడగను?

అన్నయ్య నాతో నెలరోజులు మాట్లాడలేదు. వదిన మాత్రం ఫోను చేసి, "మీ వాటా తగ్గితే మీకూ నష్టమే కదా వదినగారూ, ఎందుకు చెప్పారు?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర పెద్ద జవాబేం లేదు. చెప్పకుండా అమ్మితే ఆ హెడ్మాస్టరుగారి భార్య మీద రేపు దావా పడచ్చు కదా అన్నాను. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. అన్నయ్య 'నీదీ ఓ సంతకం' అన్నప్పుడు నాకెంత కష్టమేసిందో! మరి మేమంతా అత్తయ్యని ఆ ఒక్క సంతకం కూడా అడగలేదే.

మాఘమాసంలో అత్తయ్య వచ్చింది, కొడుకుని తోడు తెచ్చుకుని. ఎనభైకి దగ్గరపడింది, నడుం వంగింది. అన్నయ్య ఖరీదైన పట్టుచీర కొని ఉంచాడు. హక్కు విడుదల దస్తావేజు కూడా రాయించి సిద్ధంగా పెట్టాడు. అది రిజిస్టరయితే తప్ప చెల్లదు గనక మర్నాడు రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళాలని ఏర్పాటు. భోజనాలయ్యాయి. అత్తయ్య మండువా గట్టు మీద కూర్చుని చీర చేతిలోకి తీసుకుంది, అంచు చూసింది, పక్కన పెట్టింది.

"చీర బాగుందిరా అబ్బాయ్. లెక్క చెప్పు" అంది.

అన్నయ్య ఏదో అనబోయాడు. "నీ పెళ్ళికి తాతగారు ఘనంగా..." అని మొదలెట్టాడు. "నా పెళ్ళికి పెట్టింది పెట్టారు, మీ నాన్న చదువుకీ పెట్టారు. రెండూ తీసేద్దాం. మిగిలింది చెప్పు" అంది. ఆవిడ ఐదో క్లాసు చదివింది. ఆ మాట విని వకీలుగారు కూడా నవ్వారు, పెళ్ళిఖర్చు పెట్టినంత మాత్రాన వారసత్వం చెల్లిపోదమ్మా అన్నారు. అమ్మ ఏమంటుందోనని నేను భయపడ్డాను. అమ్మ లేచి, ఆ చీర తీసి మళ్ళీ అత్తయ్య ఒళ్ళో పెట్టి, "చీరా తీసుకోండి వదినా, లెక్కా తీసుకోండి" అంది.

వాదన సాయంత్రందాకా జరిగింది, అదంతా ఎందుకు లెండి. కొన్ని మాటలు రేడియోలో చెప్పుకునేవి కావు. చివరికి ఇంట్లో సగానికి అత్తయ్య డబ్బు తీసుకుంది. తోటలో మాత్రం డబ్బు వద్దంది. "నాకు నేల కావాలి" అంది. ఎకరం డెబ్బైలో ఎనభై అయిదు సెంట్లు, కాలవగట్టు వైపు, సర్వేయరు చేత కొలిపించి హద్దురాళ్ళు వేయించుకుంది. మాకంత తోట ఎందుకమ్మా అని హెడ్మాస్టరుగారి భార్య ఆ మేరకి ధర తగ్గించుకుంది. అందరూ కలిసి రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టాం. నా సంతకం వంకరగా వచ్చింది.

మీ పుట్టిళ్ళల్లోనూ ఇవాళో రేపో ఇలాంటి ఫోను రావచ్చు. సంతకం పెట్టడం తప్పు కాదు, కాగితం చదవకుండా పెట్టకండి. ఆస్తి ఎవరు సంపాదించారో, వారు ఏ సంవత్సరంలో పోయారో, వీలునామా ఉందో లేదో ముందు అడగండి. ఈసీ పాతదాకా తీయించమనండి. పొలానికైతే అడంగలూ, ఒన్ బీ చూడండి. ఇల్లు గ్రామకంఠంలో ఉంటే అసలు దస్తావేజులే ఉండకపోవచ్చు, అప్పుడు పంచాయతీ పన్ను రసీదులు కూడా పనికొస్తాయి. వాటి మీద ఎవరి పేరుందో చూసుకోండి. అమ్మ వాటా డబ్బు అమ్మ పేరున్న ఖాతాలోనే పడాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండిపట్టు పట్టాను. "అమ్మకి డబ్బెందుకు, మేం లేమా?" అన్నాడు అన్నయ్య. ఉన్నారు, ఉండాలి కూడా. అయినా ఇప్పుడు అమ్మ తన మందులు తన డబ్బుతో కొనుక్కుంటోంది, మా చిన్నదాని పుట్టినరోజుకి వెయ్యి రూపాయలు చేతిలో పెట్టింది.

అమ్మ నా దగ్గరే ఉంది. నాలుగు నెలలు దాటి చాలా కాలమైంది, ఎవరూ లెక్కపెట్టడం లేదు. మూడో అంతస్తులో మా వంటింటి పక్క చిన్న బాల్కనీ ఉంది. వాన వచ్చిందంటే అక్కడ గిన్నె పెడుతుంది. కప్పు లేదుగా, రెండు గ్లాసుల నీళ్ళు పడతాయి, పప్పుకి సరిపోవు.

మొన్న అత్తయ్య మనిషి చేత కొబ్బరికాయలు పంపింది. పాసుపుస్తకం తన పేర వచ్చాక తీయించిన మొదటి దింపట. పాతిక కాయలు, ఓ చిన్న బస్తా. కాయలు చిన్నవే. ఆ తోటకి రెండేళ్ళుగా ఎరువు పడలేదు మరి.